ఉపగ్రహ లేజరుకు జలాంతర్గామి కనబడుతుందా? గంజాం తీరపు నీటిని కొలిచి లెక్క కట్టే పద్ధతి

2018లో చైనా నుంచి ఒక వార్త వచ్చింది. చింగ్‌డావ్‌లోని సముద్ర శాస్త్ర ప్రయోగశాల 'గ్వాన్‌లాన్' అనే ప్రాజెక్టు మొదలుపెట్టిందనీ, ఉపగ్రహం నుంచి లేజరు వేసి సముద్రంలో 500 మీటర్ల లోతు దాకా చూడాలన్నది దాని లక్ష్యమనీ సారాంశం. అప్పటినుంచి దక్షిణ ఒడిశాలోని బరంపురం, గోపాల్‌పూర్, పర్లాకిమిడి వైపు ఫిజిక్స్ చదివే పిల్లలూ, చెప్పే మాస్టార్లూ అలాగైతే నీటిలో మునిగిన జలాంతర్గామి కూడా కనబడుతుందా అని అడుగుతూనే ఉన్నారు. తూర్పు నౌకాదళ కేంద్రం విశాఖలో ఉంది, బంగాళాఖాతం మన గుమ్మం ముందే ఉంది, కాబట్టి ఈ ఆసక్తి సహజం. జవాబును ఎవరి మాట మీదా నమ్మక్కర్లేదు. ఒక తెల్ల పళ్లెం, ఒక పీవీసీ గొట్టం, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే నాసా డేటా ఉంటే ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

లోతును నిర్ణయించేది లేజరు శక్తి కన్నా నీరే. అందుకని ముందు నీటిని కొలవాలి, ఆ తర్వాతే ఉపగ్రహం సంగతి.

ఆకుపచ్చ కాంతే ఎందుకు

రాడార్ తరంగాలు ఉప్పునీటి పైపొరలోనే చచ్చిపోతాయి. పరారుణ కాంతి కూడా అంతే. 1064 నానోమీటర్ల లేజరు స్వచ్ఛమైన నీటిలో పది ఇరవై సెంటీమీటర్లు పోయేసరికి చాలావరకు ఆరిపోతుంది. నీరు దారి ఇచ్చేది నీలం నుంచి ఆకుపచ్చ దాకా, అంటే సుమారు 450 నుంచి 550 నానోమీటర్ల మధ్య. నడిసముద్రపు తేట నీటిలో నీలం ఎక్కువ దూరం పోతుంది. నాచు, బురద కలిసిన తీరపు నీటిలో ఆకుపచ్చ నెగ్గుతుంది. 1064 నా.మీ. లేజరు తరంగదైర్ఘ్యాన్ని సగం చేస్తే 532 నా.మీ. ఆకుపచ్చ వస్తుంది. ఇది బాగా నలిగిన విద్య కాబట్టే అంతరిక్షం నుంచి నీటిని తాకిన లేజర్లలో ఇదే ఎక్కువ.

కాంతి ఎంత త్వరగా తగ్గుతుందో చెప్పే సంఖ్యను ఇక్కడ 'కె' అందాం. పైనుంచి పడిన కాంతి ఒక మీటరు లోతుకు ఎన్నో వంతు తగ్గుతుందో ఇది చెబుతుంది. లేజరు కిందకు దిగి, తగిలి, మళ్లీ పైకి రావాలి కాబట్టి నష్టం రెండింతలు. తిరిగొచ్చే వాటా 'ఇ' ఘాతం (−2 × కె × లోతు). ఇక్కడ 'ఇ' అంటే 2.718. నడిసముద్రంలో కె 0.05 చుట్టూ ఉంటుంది. మామూలు తీరంలో 0.1 నుంచి 0.5. వానాకాలంలో నది ముఖం దగ్గర 1 దాటడం మామూలే.

మొదటి పని: సెక్కీ పళ్లెంతో కె కొలవడం

1865లో ఇటలీకి చెందిన ఏంజెలో సెక్కీ మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇప్పటికీ దీన్ని మించిన చౌక పద్ధతి లేదు.

30 సెం.మీ. వ్యాసం ఉన్న గుండ్రని రేకు గానీ, సైన్ బోర్డులవాళ్లు వాడే ఏసీపీ షీటు ముక్క గానీ తీసుకోండి. పైవైపు మెరుపు లేని తెల్ల రంగు రెండు పూతలు వేయండి. మెరిసే ఎనామిల్ వేస్తే సూర్యుడి తళుకు చూసి పళ్లెం అనుకుని లోతు ఎక్కువ రాస్తారు. మధ్యలో బెజ్జం పెట్టి ఐబోల్టు బిగించి, అడుగున 2 నుంచి 3 కిలోల బరువు కట్టండి. బరువు చాలకపోతే ప్రవాహం పళ్లాన్ని పక్కకు లాగేస్తుంది.

తాడు నైలాన్‌ది వద్దు, తడిస్తే సాగుతుంది. పాలిస్టర్ తాడు తీసుకుని, తడిపి, బరువు వేలాడదీసి ఉంచే ప్రతి 50 సెం.మీ.కు ఒక గుర్తు పెట్టండి. బార లెక్కన కొలిచే అలవాటున్న సరంగు తన కొలతే చెబితే, ఆ మనిషి బార ఎన్ని సెంటీమీటర్లో ఒకసారి టేపుతో చూసి మార్చుకోండి. మనిషికో బార కదా.

పొద్దున పదికీ మధ్యాహ్నం రెండుకీ మధ్య, పడవ నీడ పడే వైపు నుంచి పళ్లెం దించండి. కనుమరుగైన లోతు రాసుకోండి. ఇంకో మీటరు దించి, మెల్లగా లాగుతూ మళ్లీ కనిపించిన లోతు రాసుకోండి. రెండింటి సగటే సెక్కీ లోతు. ఒక్కరి కన్ను చాలదు, ఇద్దరు చూడాలి. రంగు కళ్లద్దాలు తీసేయాలి. తాడు ఏటవాలుగా పోతుంటే ఆ కోణపు కొసైన్‌తో గుణించాలి. 30 డిగ్రీలు వాలితే చదివినదానిలో 87 శాతమే నిజమైన లోతు.

కె = 1.7 ÷ సెక్కీ లోతు. దీన్ని పూల్, ఆట్కిన్స్ 1929లో ఇచ్చారు. బురద నీటికి 1.7 బదులు 1.44 వాడేవాళ్లూ ఉన్నారు. పళ్లెం 2 మీటర్లలో మాయమైతే కె 0.85. 5 మీటర్లయితే 0.34, 10 అయితే 0.17, 20 అయితే 0.085. కొలతలో అయిదో వంతు అటూఇటూ తేడా ఉంటుందని గుర్తుంచుకోండి. మన పనికి అది చాలు.

ఎక్కడ, ఎప్పుడు కొలిచామన్నది కూడా అంతే ముఖ్యం. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఋషికుల్య, బహుదా నదులు మట్టి తెచ్చి పోస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీర ప్రవాహం దక్షిణంగా పారుతుంది కాబట్టి మహానది వైపు నీళ్లు మన తీరం వెంటే దిగివస్తాయి. వాన లేదు కదా అని నవంబరులో కొలిచి, అదే ఈ తీరపు తేట అనుకోకండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ప్రవాహం ఉత్తరానికి మళ్లుతుంది, మబ్బు కూడా తక్కువ. కెరటాలు విరిగే చోట ఇసుక లేచి ఉంటుంది, అక్కడ కొలిచినది దేనికీ పనికిరాదు. కెరటాలు విరిగే వరస దాటి, ఒడ్డు నుంచి 1, 3, 6, 10 కిలోమీటర్ల దగ్గర ఒకే రోజు కొలవండి. ఒడ్డు నుంచి దూరం పోయేకొద్దీ కె ఎలా పడిపోతుందో తెలియాలి. ఒకే చోట పదిసార్లు కొలిస్తే అది తెలియదు.

పడవ ఎక్కేముందు ఒక మాట. నవంబరు 1 నుంచి మే 31 దాకా ధామ్రా, దేవి, ఋషికుల్య నదీముఖాల దగ్గర 20 కి.మీ. లోపు తాబేళ్ల రక్షణ కోసం చేపల వేట నిషేధం ఉంటుంది. మీది వేట కాకపోయినా అడ్డగిస్తారు, అడ్డగించడం న్యాయమే. మత్స్యశాఖ కార్యాలయంలో ముందే చెప్పి, సోనాపూర్ వైపు నుంచి వెళ్లడం మేలు. గోపాల్‌పూర్ దగ్గర సైన్యం కాల్పుల అభ్యాసం చేసే రోజుల్లో సముద్రంలోకి పోవద్దని హెచ్చరికలు వస్తాయి. అవి మత్స్యకారులకు తెలుస్తాయి, అడిగి వెళ్లండి.

రెండో పని: గొట్టంలో లేజరు

కాంతి ఘాతీయంగా తగ్గడమంటే ఏమిటో కళ్లారా చూడటానికి ఈ ప్రయోగం. 110 మి.మీ. పీవీసీ గొట్టం, 1.5 మీటర్ల పొడవు. అడుగున 4 మి.మీ. అద్దాన్ని సిలికాన్ సీలెంటుతో అంటించి 24 గంటలు ఆరనివ్వండి. గొట్టం లోపల మెరుపు లేని నల్ల రంగు వేయండి. వేయకపోతే గోడల మీద పడి ఎగిరిన కాంతి కూడా అడుగుకు చేరి, నీరు ఉన్నదానికంటే తేటగా ఉన్నట్టు చూపిస్తుంది.

గొట్టాన్ని నిలువుగా నిలబెట్టి, పైన స్టాండుకు లేజరు బిగించండి. అద్దం కింద చిన్న సోలార్ సెల్ పెట్టి, మల్టీమీటరును మైక్రోఆంపియర్ల మీద ఉంచండి. వోల్టేజీ చదవకూడదు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. సోలార్ సెల్ కరెంటు కాంతికి అనులోమంగా పెరుగుతుంది, వోల్టేజీ మాత్రం లాగరిథమ్‌లా పెరిగి ఎక్కడికక్కడ ఆగిపోతుంది. వోల్టులు చదివినవాళ్లకు నీళ్లు కాంతిని అసలు తినడం లేదనిపిస్తుంది.

నీళ్లు 25 సెం.మీ. చొప్పున పోస్తూ, బుడగలు పోయేదాకా అయిదు నిమిషాలు ఆగి చదవండి. లేజరు ఆపి, గదిలోని వెలుతురుకు వచ్చే కరెంటు చదివి ప్రతిసారీ తీసివేయండి. మిగిలినదాని సహజ లాగరిథమ్‌ను నీటి ఎత్తుకు ఎదురుగా గ్రాఫు గీస్తే సరళరేఖ రావాలి.

మొదటి కొన్ని చుక్కలు రేఖ కన్నా బాగా పైన ఉండి, తర్వాత రేఖ మీదికి దిగితే తప్పు నీటిది కాదు, లేజరుది. బజారులో దొరికే చౌక 532 నా.మీ. లేజర్లలో 808, 1064 నా.మీ. పరారుణ కాంతి బయటకు కారుతుంది. కంటికి కనపడదు గానీ సిలికాన్ సెల్‌కు బాగా కనిపిస్తుంది. దాన్ని నీరు మొదట్లోనే మింగేస్తుంది. ఆకుపచ్చను నేరుగా పుట్టించే 520 నా.మీ. డయోడు లేజరు తీసుకుంటే ఈ పేచీ లేదు. 1 మిల్లీవాట్ దాటని క్లాస్ 2 లేజరే వాడండి. పడవల వైపు గానీ, ఆకాశం వైపు గానీ ఎప్పుడూ తిప్పొద్దు. కన్ను పోతుంది, కేసూ పడుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ గొట్టంలో వచ్చే క్షీణత సంఖ్య సెక్కీ ఇచ్చే కె కన్నా ఎక్కువగా, తీరపు నీటిలోనైతే కొన్ని రెట్లు ఎక్కువగా వస్తుంది. రెండూ సరైనవే. గొట్టంలో పక్కకు చెదిరిన కాంతి పోయినట్టే లెక్క. ఉపగ్రహపు టెలిస్కోపు సముద్రం మీద నలభై, యాభై మీటర్ల వెడల్పున చూస్తుంది కాబట్టి కాస్త చెదిరిన కాంతి కూడా దాని చూపులోనే ఉంటుంది. అందుకని ఉపగ్రహం లెక్కలో సెక్కీ కె వేయాలి. గొట్టపు సంఖ్య వేస్తే జవాబు మరీ నిరాశగా వస్తుంది. గొట్టం ఎందుకంటే, ఒక్కో చోటి నీటి నమూనాలను ఒకదానితో ఒకటి పోల్చడానికి.

మూడో పని: ఫోటాన్ల లెక్క

ఒక ఊహా ఉపగ్రహం తీసుకుందాం. 500 కి.మీ. ఎత్తు, 1 మీటరు టెలిస్కోపు, పల్స్‌కు 1 జౌలు, 532 నా.మీ. అంతరిక్షానికి ఇది చాలా పెద్ద లేజరే.

532 నా.మీ. ఫోటాన్ (కాంతి కణం) ఒక్కోటి 3.73 × 10⁻¹⁹ జౌళ్లు. 1 జౌలుకు 2.7 × 10¹⁸ ఫోటాన్లు. జలాంతర్గామి పైన నల్ల రబ్బరు పలకలు ఉంటాయి, కాంతిలో 4 శాతం వెనక్కి కొడతాయనుకోండి. తగిలిన కాంతి అన్ని వైపులకూ చెదురుతుంది. దానిలో టెలిస్కోపుకు చేరే వాటా, టెలిస్కోపు వైశాల్యం ÷ (పై × దూరం వర్గం). ఈ కొలతలకు అది సరిగ్గా 10⁻¹² వస్తుంది. నీటి నుంచి గాలిలోకి వచ్చేటప్పుడు కాంతి వంగి విచ్చుకోవడం వల్ల 0.55. నీటి ఉపరితలాన్ని రెండుసార్లు దాటినందుకు 0.96. నిర్మలమైన రాత్రి గాలిలో రానూపోనూ 0.5. అద్దాలు, ఫిల్టరు, డిటెక్టరు కలిపి 0.1.

అన్నీ గుణించండి: 2.7 × 10¹⁸ × 0.04 × 10⁻¹² × 0.55 × 0.96 × 0.5 × 0.1. సుమారు 2,800 ఫోటాన్లు. అంటే జలాంతర్గామి నీటి మట్టానికి ఆనుకుని ఉన్నా ఒక పల్స్‌కు తిరిగొచ్చేది ఇంతే. ఇక నీటి నష్టం దీనిలోంచి పోవాలి.

పల్స్‌కు కనీసం ఒక ఫోటాన్ రావాలని పెట్టుకుందాం. సెకనుకు 10,000 పల్స్‌లు వేస్తూ సెకనుకు 7 కి.మీ. వేగంతో పోయే ఉపగ్రహానికి, 10 మీటర్ల వెడల్పున్న జలాంతర్గామిని అడ్డంగా దాటేటప్పుడు 14 పల్స్‌లు దక్కుతాయి. 14 ఫోటాన్లంటే గుర్తుపట్టడానికి కింది హద్దు అనుకోవచ్చు. 2,800కు సహజ లాగరిథమ్ 7.94. దాన్ని 2 × కెతో భాగిస్తే లోతు వస్తుంది. కె 0.05 అయితే 79 మీటర్లు, 0.1 అయితే 40, 0.2 అయితే 20, 0.5 అయితే 8, 1 అయితే 4 మీటర్లు.

దీన్నే సెక్కీ భాషలో చెప్పుకుంటే ఇంకా సులువు. ఈ ఊహా లేజరు పైహద్దు సెక్కీ లోతుకు 2.3 రెట్లు. గోపాల్‌పూర్ ముందు పళ్లెం 4 మీటర్లలో మాయమైతే, అక్కడ 1 జౌలు లేజరుకు అందేది 9 మీటర్లు. జలాంతర్గామి పెరిస్కోపు పైకెత్తి చూసేటప్పుడే దాని అడుగు 15, 20 మీటర్ల లోతున ఉంటుంది, పూర్తిగా మునిగి సాగేటప్పుడు అంతకన్నా లోతుకు పోతుంది.

శక్తి పెంచితే? పదింతలు పెంచితే అదనంగా వచ్చేది 1.15 ÷ కె మీటర్లు. తేట సముద్రంలో 23 మీటర్లు, కె 0.5 ఉన్న నీటిలో 2.3 మీటర్లు. పది జౌళ్ల లేజరు కట్టినా మన తీరంలో దక్కేది మనిషి ఎత్తు కన్నా కాస్త ఎక్కువ. ఈ ఒక్క సంఖ్య బుర్రలో పెట్టుకుంటే ఈ విషయం మీద వచ్చే ఏ ప్రకటననైనా తూచవచ్చు.

500 మీటర్ల మాట తూద్దాం. కె 0.05తో ఇ ఘాతం −50, అంటే 2 × 10⁻²². పల్స్‌కు 5 × 10⁻¹⁹ ఫోటాన్లు. సెకనుకు పదివేల పల్స్‌లు వేస్తే ఒక్క ఫోటాన్ కోసం సుమారు 60 లక్షల ఏళ్లు ఆగాలి. ప్రపంచంలోకెల్లా తేటైన నీటిలో, నీలం కాంతితో కె 0.02 అనుకుంటే పదిహేడు సెకన్లకు ఒక ఫోటాన్ వస్తుంది. అప్పటికి ఉపగ్రహం 120 కి.మీ. దాటిపోయి ఉంటుంది. అదే నీటిలో 150 మీటర్లంటే మాత్రం లెక్క ఒప్పుకుంటుంది. ఈ తేడా చూడాలి. తేట నడిసముద్రంలో వంద మీటర్ల వైపు ప్రయత్నించడం అర్థం లేని పనేమీ కాదు. 500 మీటర్లన్నది వేరే సంగతి.

లెక్క చెప్పనివి

ఫోటాన్ వచ్చినంత మాత్రాన అది ఓడ నుంచే వచ్చిందని కాదు. మధ్యలోని నీరు కూడా కాంతిని వెనక్కి కొడుతుంది. తేట నీటిలో ఒక మీటరు మందం నీరు ఇచ్చేది ఓడ పైకప్పు ఇచ్చేదానిలో పదోవంతు కూడా ఉండదు, కాబట్టి తేడా తెలుస్తుంది. మట్టినీటిలో రెండూ ఇంచుమించు సమానమవుతాయి, అప్పుడు నల్ల రబ్బరు నీటిలో కలిసిపోతుంది. ఇంకో ఉపాయం ఉంది: ఓడ కింద నీటి నుంచి రావలసిన కాంతి ఆగిపోతుంది కాబట్టి ఆ 'నీడ' కోసం వెతకడం. కానీ నీడ కనబడాలంటే ఓడ కన్నా కింది నీరు కూడా లేజరుకు అందాలి. చేపల గుంపు, దట్టమైన నాచు పొర, తిమింగలం, బుడగలు అన్నీ ఇలాగే ఒక ప్రతిధ్వని ఇస్తాయి.

పగలు ఎండ అడ్డం. 0.04 నా.మీ. ఇరుకు ఫిల్టరు పెట్టినా, పైన చెప్పిన టెలిస్కోపులో ఎండ వల్ల సెకనుకు 40 లక్షల ఫోటాన్లు నమోదవుతాయి. ఒక మీటరు నీటికి పట్టే కాలం సుమారు 9 నానోసెకన్లు కాబట్టి, మీటరుకు 0.035 దొంగ ఫోటాన్లు. వంద మీటర్ల లోతు వెతికితే పల్స్‌కు మూడున్నర. నిజమైన ఫోటాన్ ఒక్కటే. అందుకే రాత్రి దాటింపులే కావాలి.

నాలుగో పని: నిజం ఉపగ్రహంతో సరిచూడటం

ఐస్‌శాట్-2ను నాసా 2018 సెప్టెంబరు 15న పంపింది. 532 నా.మీ., సెకనుకు 10,000 పల్స్‌లు, 0.8 మీటర్ల టెలిస్కోపు, మూడు జంటలుగా ఆరు లేజరు పుంజాలు. జంటకూ జంటకూ మధ్య 3.3 కి.మీ., నేల మీద మచ్చ సుమారు 11 మీటర్లు, పల్స్‌కూ పల్స్‌కూ మధ్య 0.7 మీటరు. దీన్ని మంచు కొలవడానికి కట్టారు గానీ తేట నీటిలో 40 మీటర్ల దగ్గర దాకా సముద్రగర్భాన్ని చూపించింది.

నాసా వారి ఎర్త్‌డేటా వెబ్‌సైటులో ఉచిత ఖాతా తెరవండి. ఈ డేటాను మ్యాపు మీద చూపే ఓపెన్ఆల్టిమెట్రీ సైటులో 19.0 నుంచి 19.4 ఉత్తర అక్షాంశం, 84.7 నుంచి 85.2 తూర్పు రేఖాంశం పెట్టె గీయండి. గోపాల్‌పూర్, సోనాపూర్ అందులో పడతాయి. ఏటీఎల్03 అనే ఫోటాన్ల డేటా ఎంచుకుని, ఫిబ్రవరి, మార్చి నెలల రాత్రి దాటింపులు వెతకండి. ఒకే దారి మీదికి మళ్లీ రావడానికి ఉపగ్రహానికి 91 రోజులు పడుతుంది, అందులో మబ్బు రోజులు పోతాయి. కాబట్టి ఏళ్ల తరబడి డేటా తిరగేయాలి.

ప్రతి జంటలో ఒకటి బలమైన పుంజం, ఇంకోటి దానిలో నాలుగో వంతు. బలమైనది ఎడమదా కుడిదా అన్నది ఉపగ్రహం ఏ ముఖంగా ఎగురుతోందో దాన్ని బట్టి మారుతుంది. ఫైల్లో 'ఎస్‌సీ ఓరియంట్' విలువ 0 అయితే ఎడమవి, 1 అయితే కుడివి. ఇది చూడకుండా బలహీన పుంజం పట్టుకుని అడుగు కనబడలేదని వదిలేసేవాళ్లు చాలామంది.

ఎత్తులు దీర్ఘవృత్తజం (భూమి ఆకారానికి లెక్క కోసం అనుకున్న నున్నటి రూపం, ఎలిప్సాయిడ్) నుంచి కొలిచినవి. మన తీరంలో సముద్రమట్టం సున్నా దగ్గర కనబడదు, పదుల మీటర్ల మైనస్‌లో ఉంటుంది. కంగారు పడకండి. పావు మీటరు గడులుగా ఎత్తుల హిస్టోగ్రామ్ గీస్తే అందరికన్నా ఎత్తైన శిఖరమే నీటి మట్టం. దాని కింద ఉన్న ప్రతి లోతునూ 0.746తో గుణించాలి, ఎందుకంటే కాంతి నీటిలో 1.34 రెట్లు నెమ్మది. ఇది మరిచిపోతే 10 మీటర్ల అడుగు 13 మీటర్లకు పైగా కనిపిస్తుంది.

నీటిలోపలి ఫోటాన్లను అర మీటరు గడుల్లో లెక్కపెట్టి, నేపథ్య ఫోటాన్లు తీసివేసి, లాగరిథమ్ గీయండి. వాలు 2 × కె. అదే నెలలో సెక్కీతో వచ్చిన కెతో పోల్చండి. అయితే మొదటి అయిదారు మీటర్లలో జాగ్రత్త. ఉపరితలం బాగా మెరిసినప్పుడు పరికరంలోనే ప్రతిధ్వనులు పుట్టి, దిద్దుబాటు చేయని ఎత్తుల్లో సుమారు 2.3, 4.2 మీటర్ల కింద దొంగ పొరలు కనబడతాయి. నీటి కింద ఏదో ఉందనిపించేంత చక్కగా ఉంటాయి. కెరటం లేచినచోట లేస్తూ, దిగినచోట దిగుతూ, ఉపరితలానికి ఎప్పుడూ అంతే దూరంలో ఉంటే అది పరికరం చేసినది. అసలు వస్తువు కెరటంతో పాటు ఊగదు.

పైన కట్టిన లెక్క సరైనదో కాదో కూడా ఇక్కడే తేలుతుంది. బలమైన పుంజానికి పల్స్‌కు సుమారు 175 మైక్రోజౌళ్లు, ఇసుక అడుగు 20 శాతం కాంతిని తిప్పికొడుతుందని వేస్తే, సున్నా లోతులో పల్స్‌కు 1.6 ఫోటాన్లు వస్తాయి. ఉపగ్రహం దారి వెంట ప్రతి 30 మీటర్లలో అడుగు గుర్తుపట్టడానికి అయిదు ఫోటాన్లు చాలనుకుంటే, అందే లోతు సెక్కీ లోతులో నాలుగింట మూడు వంతులు. ఐస్‌శాట్-2 వాస్తవంగా సాధించింది ఒక సెక్కీ లోతు దరిదాపు. అంటే మన లెక్క దారి తప్పలేదు.

లోతు సరే, వెతకడం ఎలా

11 మీటర్ల వెడల్పు, సెకనుకు 7 కి.మీ.: ఒక పుంజం సెకనుకు తుడిచేది 0.077 చదరపు కి.మీ. బంగాళాఖాతం సుమారు 22 లక్షల చదరపు కి.మీ. ఉపగ్రహం భూమంతా తిరగాలి కాబట్టి మన సముద్రం మీద ఉండేది దాని కాలంలో అర శాతం లోపే. భాగించి చూస్తే ఒక పుంజానికి 210 ఏళ్లు, ఆరు పుంజాలకు 35 ఏళ్లు. ఇది మబ్బు లేకుండా, ఒక్క చోటును కూడా రెండుసార్లు చూడకుండా వేసిన లెక్క. జలాంతర్గామి ఈలోగా కదలకుండా కూర్చోదు.

మచ్చను వెడల్పు చేస్తే? కిలోమీటరు వెడల్పు మచ్చలో ఓడ మీద పడేది వెయ్యో వంతు కాంతి మాత్రమే. వెయ్యి రెట్లు తగ్గితే కె 0.05 నీటిలోనే 69 మీటర్లు పోతాయి, 79లో మిగిలేది 10. పుంజాలు పెంచితే విద్యుత్తు అడ్డం. 1 జౌలు, సెకనుకు పదివేలు అంటే 10 కిలోవాట్ల కాంతి. లేజరు సామర్థ్యం 10 శాతం అనుకున్నా ఒక్క పుంజానికి 100 కిలోవాట్లు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి మొదట పెట్టిన సోలార్ రెక్కలన్నీ కలిపి ఇచ్చిందీ దాదాపు అంతే.

అదే లేజరును విమానంలోనో హెలికాప్టరులోనో పెట్టి కొన్ని వందల మీటర్ల ఎత్తు నుంచి వేస్తే కథ మారుతుంది. చిన్న లేజరుతోనే సెక్కీ లోతుకు రెండు మూడు రెట్లు చూస్తారు, వెతకవలసిన చోటనే తిరగగలరు. నీటి పైపొరల్లో తేలే మందుపాతరలను వెతకడానికి అమెరికా నౌకాదళం హెలికాప్టరుకు కట్టిన లేజరు పరికరం ఇలాంటిదే.

మీరు దించిన డేటా జలాంతర్గామిని చూపకపోయినా, మార్చి నెల రాత్రి దాటింపుల్లో బహుదా ముఖం ముందున్న ఇసుక మేటల లోతు చూపించవచ్చు. ఏటా ఆ మేటలు జరుగుతాయి, బోట్లు తగులుకుంటాయి. ఒకే దారి మీద వేర్వేరు ఏళ్ల దాటింపులు రెండు దొరికితే, 0.746తో దిద్ది, ఆటుపోట్ల తేడా తీసివేసి, ఒకదాని మీద ఒకటి గీయండి. ఆ కాగితం పట్టుకుని సోనాపూర్ సరంగుల దగ్గరికి వెళ్లి, తాడుకు సీసపు గుండు కట్టి వాళ్లు కొలిచిన లోతుతో సరిపోల్చండి.